రేడియోలో విన్న ఊళ్ళో నాలుగు రోజులు

మా అమ్మకు విజయవాడ అంటే ముందు దుర్గమ్మ, తర్వాత కృష్ణ, ఆ తర్వాత రేడియో. నాకు మాత్రం ముందు రేడియోనే. రాజమండ్రిలో మా వంటింటి గూట్లో ఉన్న రేడియో తెల్లారేసరికి విజయవాడ కేంద్రం పట్టేది. భక్తిరంజని మొదలైతే పాలు పొయ్యి మీద పెట్టే వేళైందని అర్థం. అది అయిపోతే నేను జడ వేయించుకుని బడికి బయల్దేరాలి. అమ్మ ఏ గురువు దగ్గరా పాట నేర్చుకోలేదు. ఆమెకు వచ్చిన ప్రతి కృతీ ఆ పెట్టె నేర్పిందే.

అందుకని ఈ పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన విజయవాడలో చూడాలనుకుని, బడికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. అమ్మను కూడా రమ్మన్నాను. "నా మోకాళ్ళు పందిట్లో కింద కూర్చోనివ్వవే. నువ్వెళ్ళి విని రా. వరాళి రాగం కృతి ఎలా పాడారో అది మాత్రం సరిగ్గా చెప్పు" అంది.

మొదటి రోజు

పొద్దున్న రైలెక్కితే గోదావరి దాటేదాకా మంచు పోలేదు. ఏలూరు వచ్చేసరికి ఎండ పొడొచ్చింది. సత్యనారాయణపురంలో బాబాయి గారింట్లో దిగాను. రైల్వేలో పనిచేసి రిటైరైన బాబాయికి డెబ్బై నాలుగేళ్ళు. ఊళ్ళో ఏ మూల కచేరీ జరిగినా ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసే మనిషి. పిన్ని నాకు కంచం పెడుతూ, "ఈయనతో వెళ్తున్నావుగా, రాత్రి ఎన్నింటికి వస్తావో చెప్పలేను. కడుపునిండా తిని వెళ్ళు" అంది.

సాయంత్రం కచేరీ ఒక ఆడిటోరియంలో. చెన్నై నుంచి వచ్చిన గాయని పాట, వయొలిన్, మృదంగం, ఘటం. ఆరున్నరకు మొదలు కావలసింది ఏడు దాటింది. ఆ అరగంటే ఆ రోజు నాకు దొరికిన పెద్ద సంపద. రేడియోలో పాట ఎప్పుడూ తయారై వస్తుంది. ఇక్కడ తయారవుతుండగా చూశాను. మృదంగం ఆయన కుడి మూతను ఒక చిన్న రాయితో అంచు చుట్టూ తడుతూ, చెవి దాని దగ్గరగా వంచి వింటున్నాడు. ఎడమ వైపు తడిపిన రవ్వ ముద్ద అంటించి, కొంచెం తీసి, మళ్ళీ అంటించాడు. ఆ ముద్ద బరువు మీదే ఎడమ మూత నాదం ఆధారపడుతుందట. హాల్లో చల్లదనానికి చర్మం మారిపోతుందని, ప్రతి రెండు కృతులకూ ఒకసారి సరిచూసుకోవాలని బాబాయి చెప్పాడు. చూస్తుంటే అలాగే చేశాడు కూడా. గాయని నీళ్ళ సీసా మూత తీస్తున్న ఆ కొద్ది క్షణాల్లోనే అతని చేయి రాయి మీదికి పోయేది.

ఒక బాధ చెప్పాలి. మైకులు మరీ ఎక్కువ పెట్టారు. మృదంగం తొప్పి వైపు, అంటే ఎడమ వైపు, దెబ్బ పడితే ఛాతీలో గుద్దినట్టుంది, తంబూరా శ్రుతి మాత్రం ఎక్కడా వినిపించలేదు. గాయని రెండు సార్లు చేత్తో తగ్గించమని సైగ చేసింది. తగ్గించినట్టే తగ్గించి మళ్ళీ పెంచారు. శాస్త్రీయ సంగీతానికి ధ్వని పెద్దదైతే చాలదు. శ్రుతి చెవికి ఆనకపోతే స్వరం ఎక్కడ నిలబడిందో వినేవాడికి తెలిసే దారి లేదు. మేము లేచి వెనక చివరి వరసకు వెళ్ళాం. అక్కడ కొంత నయం.

ఇంకొకటి కూడా ఉంది. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం, మొదలవగానే హాల్లో మూడో వంతు మంది లేచారు. కాఫీకి కొందరు, ఇంటికి కొందరు. గంటన్నర పక్కవాద్యంగా ఒదిగి కూర్చున్న మనిషికి తన విద్య చూపించుకునే సమయం ఆ పది పదిహేను నిమిషాలే. ఘటం ఆయన తన వంతు వచ్చినప్పుడు ఖాళీ అవుతున్న కుర్చీల వంక ఒకసారి చూశాడు. తర్వాత మృదంగం ముఖం వైపే చూస్తూ వాయించాడు. బాబాయి కోపంగా ఏమీ అనలేదు. తాళం ఇంకొంచెం పెద్దగా, పక్కవాళ్ళకి వినపడేట్టు వేశాడు. నేనూ వేశాను. కోర్వై అనే ముగింపు లయ అల్లిక పూర్తయి అందరం తాళంలో ఒకే దెబ్బ మీద పడ్డప్పుడు, వెనక వరసలో మిగిలిన ఏడెనిమిది మందిమి ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. వాళ్ళెవరో నాకు తెలియదు. అయినా చాలా రోజులుగా ఎరిగున్న వాళ్ళలా అనిపించింది.

రెండో రోజు

పొద్దున్నే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద వెన్న ముద్ద కరిగి, అంచుల నుంచి కారుతూ ఉంటుంది. దాని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి కాబట్టి ముందుకు పోతాను.

అక్కడి నుంచి బందరు రోడ్డు మీద పున్నమ్మతోటకు, ఆకాశవాణి దగ్గరకు వెళ్ళాం. లోపలికి వెళ్ళే పని మాకేమీ లేదు. గేటు బయట చెట్టు నీడలో పావుగంట నిలబడ్డాను, అంతే. 1948 డిసెంబర్ 1న మొదలైన కేంద్రం ఇది. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, అన్నవరపు రామస్వామి... మా వంటింటి గూట్లోకి వచ్చిన గొంతులూ వేళ్ళూ అన్నీ ఈ గేటు లోపలికి నడిచి వెళ్ళినవే. చిన్నప్పుడు వాళ్ళంతా ఆ పెట్టెలోనే ఉంటారనుకునేదాన్ని. ఇప్పుడు ఆ రోడ్డు, ఆ గోడ, గోడ మీద నుంచి వాలిన కొమ్మలు చూస్తుంటే, ఇంత మామూలు చోటు నుంచేనా మా ఇంటికి అంత వచ్చింది అనిపించి కళ్ళు చెమర్చాయి.

విజయవాడ సంగీతం గురించి మాట్లాడితే బాబాయి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర మొదలు పెడతాడు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పంతులు గారు. పంతులు గారి శిష్యుడే బాలమురళి. ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఆ పిల్లవాడు పూర్తి కచేరీ చేస్తే, హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ 'మురళీకృష్ణ' ముందు 'బాల' చేర్చారట. రేపు కాక ఎల్లుండి నేను వినబోయే ఆరాధన ఈ ఊరికి కొత్తది కాదని అప్పుడు తెలిసొచ్చింది. తిరువైయారులో సమాధి దగ్గర బెంగళూరు నాగరత్నమ్మ గుడి కట్టించింది. ఇక్కడ మాత్రం గుడి లేకపోయినా, గురువు నుంచి శిష్యుడికి పాట చేతులు మారుతూ వచ్చింది.

ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు కూడా వెళ్ళాం. బాలమురళి దీనికి మొదటి ప్రిన్సిపాల్. మేం వెళ్ళేసరికి ఒక గదిలోంచి సరళీ స్వరాలు, పక్క గదిలోంచి మృదంగం పలుకులు, పైనుంచి గజ్జెల చప్పుడు, మూడూ కలిసి వరండాలో పడుతున్నాయి. పదేళ్ళ పాప ఒకతి మాయామాళవగౌళ రాగంలో పై స్థాయి షడ్జం, అంటే పై 'స', అందక మళ్ళీ మళ్ళీ ఎక్కుతోంది. మేష్టారు విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తున్నారు. ఆ పాపకు షడ్జం అందేదాకా అక్కడే నిలబడి, అందాక వచ్చేశాం.

తిరిగి వస్తూ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ముందు ఆగాం. 2023 డిసెంబర్లో కృష్ణవేణి సంగీత నీరాజనం మొదటిసారి జరిగింది ఇక్కడే. నది పేరు మీద సంగీతోత్సవం పెట్టడం, పదాలు పలికిన మొవ్వ క్షేత్రయ్య పేరున్న హాల్లో పెట్టడం నాకు చాలా నచ్చింది. కూచిపూడి కూడా పాత కృష్ణా జిల్లా ఊరే కదా.

సాయంత్రం చిన్న హాలు. అరవై మంది పడతారేమో, జంపఖానాలు పరిచారు. వయొలిన్ సోలో, మృదంగం తోడు. మైకు లేదు. వయొలిన్ విద్వాంసుడు నాకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు. వాద్యం పైకొన కుడి మడమ దగ్గర ఆనించి, రెండో కొన ఛాతీకి చేర్చి, తంత్రులు స-ప-స-ప కి శ్రుతి చేసుకున్నాడు. ప్రధాన రాగం తోడి.

తోడి నేను వేల సార్లు విన్నాను, రేడియోలో. అందులో గాంధారం, అంటే 'గ', ఒక చోట నిలిచే స్వరమనుకున్నాను. ఆ రోజు ఆయన ఎడమ చేయి చూశాక గాని తెలియలేదు, గాంధారం దగ్గర వేలు నిలబడదని. కిందికీ పైకీ జారుతూ, ఊగుతూ, ఒక చోట ఉన్నట్టు మన చెవికి అనిపిస్తూ అసలు ఎక్కడా ఉండదు. కమాను మాత్రం మెల్లగా, ఒక్క తీరుగా పోతోంది. ఎడమ చేతిలో అంత కదలిక, కుడి చేతిలో అంత నిలకడ. ఆలాపన మధ్యలో ఆయన ఆగి గుటక వేసిన చప్పుడు కూడా వినిపించింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ "ఆహా" అని గొంతులోనే అంది. ఆయన తలెత్తి ఆవిడ వైపు చూసి, అదే స్వరాల సంగతి మళ్ళీ ఇంకోలా వాయించాడు. ఆ రెండోసారి వాయించింది ఆవిడ కోసం. ఆవిడ ఆ మాట అనకపోతే అది పుట్టేదే కాదు. రేడియో ముందు మా అమ్మ ఎన్ని సార్లు అలా "ఆహా" అందో! అవతల ఎవరికీ వినపడలేదు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి, రికార్డు చేసిన ముక్క వినిపించాను. రెండు నిమిషాలు విని, "బావుందే, కానీ డబ్బాలో గులకరాళ్ళలా ఉంది" అంది. నిజమే. నేను విన్నది అందులో లేదు.

మూడో రోజు

గుంటూరు. పొద్దున్న బస్టాండులో బస్సెక్కి, వారధి దాటి, మంగళగిరి కొండను కుడి పక్కన చూసుకుంటూ వెళ్ళాం. కాజ టోల్ గేటు వచ్చినప్పుడు బాబాయి, "నారాయణతీర్థుల వారి ఊరు ఇదే అంటారమ్మా" అన్నాడు. కృష్ణలీలాతరంగిణి రాసినాయన. పళ్ళెం అంచుల మీద నిలబడి కూచిపూడి వాళ్ళు ఆడే తరంగం ఆయనదే. బస్సు ఆగదు కాబట్టి కూర్చున్న చోటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను.

గుంటూరులో పని బాబాయి స్నేహితుడిని కలవడం. నాదస్వరం మేష్టారు, మర్నాడు సాయంత్రం కృష్ణ ఒడ్డున వాయించబోయేది ఆయనే. ఈ జిల్లాల్లో నాదస్వరం అంటే చిలకలూరిపేట గుర్తొస్తుంది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, తమిళనాడు మొత్తం చేత చెయ్యెత్తి మొక్కించుకున్న షేక్ చినమౌలానా సాహెబ్‌ను ఈ ప్రాంతం వాళ్ళు ఇప్పటికీ ఇంటి మనిషిలా తలుచుకుంటారు. వెంకన్న కల్యాణానికైనా, రాములవారి ఊరేగింపుకైనా ఇక్కడ తరాలుగా సన్నాయి ఊదుతున్నవాళ్ళలో ముస్లిం కుటుంబాలు ఎన్నో.

మేష్టారు వాద్యం బయటకు తీసి చూపించారు. వేళ్ళకు ఏడు రంధ్రాలు. కింద ఇంకొన్ని ఉంటాయి, వాటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు. పైన దారానికి నోట పెట్టి ఊదే పీకలు, వాటిని సరిచేసే సూది వేలాడుతున్నాయి. ఒక పీక నోట్లో పెట్టుకుని తడుపుతూ మాట్లాడారు. నాకు రాత్రి విన్న తోడి మనసులోంచి పోలేదు. "దీంట్లో తంత్రి లేదు కదండీ, గాంధారం ఎట్లా ఊగిస్తారు?" అని అడిగాను.

"వేలు సగం మూసి, సగం తెరిచి. మిగతాది ఊపిరి చేస్తుందమ్మా" అన్నారు. పీక ఒక్కటే నోట్లో పెట్టుకుని, వాద్యం లేకుండా, పెదాల ఒత్తిడి మార్చి రెండు స్వరాల మధ్య ఊగించి చూపించారు. గదిలో చెవులు గింగురుమన్నాయి. "ఇది ఇంట్లో వినేది కాదు. రేపు బయట వినండి, దూరంగా నిలబడి" అన్నారు.

సాయంత్రం బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య కళావేదికలో పిల్లలు సంకీర్తనలు పాడుతుంటే ఓ గంట కూర్చుని, వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని బస్సెక్కాం.

నాలుగో రోజు, పుష్య బహుళ పంచమి

ఆరింటికే పందిరి దగ్గరకు చేరాం. గుడి ఆవరణలో షామియానా, ముందు త్యాగరాజస్వామి పటం, పూలదండ, దీపం. మొదట ఉంఛవృత్తి. ఇంటింటా బియ్యం అడిగి, అదే వండుకు తిని, రాజు పంపిన కానుకలు వద్దన్నవాడు ఆయన. తంబూరా, చిడతలు పట్టుకుని వీధిలో భజన చేస్తూ వెళ్తుంటే గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు దోసిళ్ళతో బియ్యం పోశారు. చలికి నా చేతులు వణుకుతున్నాయి. జోలె పట్టుకున్న పెద్దాయన ఒంటి మీద ఉత్తరీయం తప్ప ఏమీ లేదు.

తొమ్మిదిన్నరకు పంచరత్న సేవ, త్యాగరాజస్వామి అయిదు పంచరత్న కృతులు అందరూ కలిసి పాడడం. వేదిక మీద ముప్పై మంది దాకా విద్వాంసులు, కింద మేము మూడు నాలుగు వందలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదు ఘనరాగాలు, అన్నీ ఆది తాళం. మొదటి కృతి సంస్కృతం, మిగిలిన నాలుగూ మన తెలుగు. తెలుగువాళ్ళకి ఇక్కడ దక్కే భాగ్యం ఇదే. గౌళలో ఆయన తన తప్పులన్నీ వరసగా చెప్పుకుని, ఇలాంటి దుడుకు నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడని అడుగుతాడు. చరణం వెంట చరణం పాడుతుంటే నా ముందున్న ఒకాయన పుస్తకం మూసేసి తల వంచుకున్నాడు. అర్థం తెలియకుండా ఈ కృతి అద్భుతంగా పాడేవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళకు నా దణ్ణం. కానీ ప్రతి మాటా అమ్మ భాషలో వచ్చి తగులుతుంటే వినడం వేరు.

నా పక్క చాపలోని పెద్దావిడ నా చేతిలో పుస్తకం లేకపోవడం చూసి తనది మధ్యలోకి జరిపింది. అంచులు నలిగి, పసుపు మరకలున్న పుస్తకం. ఆవిడ అందులోకి చూడలేదు, అంతా కంఠస్థం. మూడు వందల చేతులు ఒకేసారి దెబ్బ వేసి, మూడు వేళ్ళు లెక్కపెట్టి, దెబ్బ, విసర్జితం (చేయి తిప్పడం), దెబ్బ, విసర్జితం. తాళం చేతుల్లో ఉన్నంతసేపు పాట తప్పిపోయినా మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది. ఆరభిలో రెండు చోట్ల మేం కిందివాళ్ళం ముందుకు పరిగెత్తాం. వేదిక మీద మృదంగం మమ్మల్ని మెల్లగా వెనక్కి లాగి కలుపుకుంది.

తర్వాత వరాళి. ఈ రాగం గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని ఒక నమ్మకం. నేర్పితే ఇద్దరి మధ్యా ఎడబాటు వస్తుందంటారు. విని నేర్చుకోవాలి. మా అమ్మకు అందుకే ఈ కృతి అంటే గర్వం. "అందరికీ ఏ గోడ చాటునో నిలబడి వినాలి. నాకు రేడియోనే చాటు" అనేది. నేను పాడదామనుకున్నాను. పల్లవి మొదలయ్యాక గొంతు రాలేదు. తాళం మాత్రం వేశాను. చుట్టూ మూడు వందల గొంతులు ఆ దగ్గర దగ్గరగా ఉండే స్వరాల మీద, ఆ నొక్కుల మీద కలిసి నడుస్తుంటే, ఎవరి గొంతు ఏదో తెలియదు. అందులో మా అమ్మ గొంతులాంటిది కూడా ఒకటి ఎక్కడో వెనక నుంచి వినిపించింది. తిరిగి చూడలేదు.

శ్రీరాగం అయ్యాక హారతి, పులిహోర, చక్రపొంగలి. పిన్ని నా చేతిలో రెండో దొప్ప పెట్టి, "మీ అమ్మకు నేను చెప్తాలే, నువ్వు కళ్ళు తుడుచుకో" అంది.

సాయంత్రం కృష్ణ ఒడ్డున, ఇంద్రకీలాద్రి కింద ఘాట్ మీద ఆరుబయట వేదిక. చలికి శాలువాలు కప్పుకుని మెట్ల మీద జనం. పిల్లలు పరుగెడుతున్నారు, శనగలు అమ్మేవాడు తిరుగుతున్నాడు, గుడి నుంచి దిగి వచ్చేవాళ్ళు ఆగి వింటున్నారు, వెళ్తున్నారు. హాల్లో ఇలాంటి కదలిక నాకు కష్టంగా ఉండేది. ఇక్కడ అస్సలు అడ్డం రాలేదు. ఈ వాద్యం ఊరేగింపుల్లో, గుడి మండపాల్లో, ఇలా నడిచే జనం మధ్యలోనే పెరిగింది.

ఇద్దరు నాదస్వరం, రెండు డోళ్ళు, శ్రుతిపెట్టె. మేష్టారు తెల్ల పంచె, భుజాన జరీ కండువాతో వచ్చి, మమ్మల్ని చూసి తల ఊపారు. రెండు చిన్న కృతులు, తర్వాత తోడి. నేను ఆయన ముందురోజు చెప్పినట్టు లేచి, మెట్లు దిగి, మైకు పెట్టెలకు దూరంగా నీళ్ళ దాకా వెళ్ళాను. ఒక చోట మైకు ధ్వని వెనకబడి, వాద్యం గొంతు ఒక్కటే నది మీదుగా వచ్చింది. అవతల బ్యారేజీ దీపాలు నీళ్ళలో నిలువుగా పడుతున్నాయి. గాంధారం ఊగుతోంది. వేలు చూడలేను, అంత దూరం నుంచి ఊపిరే వినాలి. ఎంత పెద్ద ఊపిరి! ఒక్క స్వరం మీద నిలబడితే ఒడ్డు మీద మాటలన్నీ వాటంతట అవే సన్నగిల్లాయి.

అమ్మకు ఫోన్ చేశాను. ఏమీ మాట్లాడకుండా ఫోన్ వేదిక వైపు ఎత్తి పట్టుకున్నాను. కొంతసేపయ్యాక చెవికి పెట్టుకుంటే, "తోడి" అంది అమ్మ. "గరగరమంటోంది గానీ తోడే."

"అవునమ్మా. నాదస్వరం. కృష్ణ ఒడ్డున ఉన్నాను."

"పొద్దున వరాళి విన్నావా?"

"విన్నాను. పాడలేకపోయాను."

అమ్మ ఏమీ అనలేదు. అవతల మా వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఫోన్ పెట్టేసెయ్యి" అంది. "నాకు తర్వాత చెప్దువుగాని. ముందు నువ్వు విను."

ఫోన్ సంచిలో వేసుకుని ఇంకో రెండు మెట్లు దిగాను. పైన డోలు అందుకుంది.